చెక్క నేలకు ఏ పూత వేయించాలి? ముహూర్తం నుంచి మరమ్మతు దాకా

న్యూజెర్సీలో పాత ఇల్లు కొన్న తెలుగువాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, "చెక్క నేలకు ఏ ఫినిష్ వేయించమంటారు?" అని. నేను తిరిగి అడిగేది, "గృహప్రవేశానికి ముహూర్తం ఎప్పుడు పెట్టుకున్నారు?" అని. సంబంధం లేని ప్రశ్నలా కనిపిస్తుంది కానీ సగం జవాబు అందులోనే ఉంది. తాళాలు చేతికొచ్చిన రోజుకూ పాలు పొంగించే రోజుకూ మధ్య పది రోజులే ఉంటే కొన్ని పూతల గురించి ఆలోచించే పనే ఉండదు. నెలన్నర ఉంటే అన్నీ చేతిలో ఉన్నట్టే.

మిగతా సగం జవాబు ఇంకో ప్రశ్నలో ఉంది. ఏడెనిమిదేళ్లకు ఈ నేల మీద గీతలు పడ్డాక దాన్ని ఎలా బాగు చేసుకుంటారు? దుకాణంలో నమూనా ముక్క మీద ప్రతి పూతా అందంగానే ఉంటుంది. అరిగినప్పుడు ఒక్కోటి ఒక్కోలా అరుగుతుంది, ఒక్కోదానికి ఒక్కో రకమైన వైద్యం కావాలి. ఆ వైద్యం మీ ఇంట్లో, మీ ఓపికతో జరిగేదేనా అన్నది చూసుకుని పూతను ఎంచుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

మా నాన్నగారు వడ్రంగి. టేకు తలుపుకు చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది, గుడ్డ ఉండతో లక్క పాలిష్ పొర మీద పొర పెడుతుంటే పక్కన కూర్చుని చూస్తూ పెరిగాను. ఇక్కడ మా ఇంటికి రెండుసార్లు, బంధువుల ఇళ్లకు మరికొన్నిసార్లు నేల పని దగ్గరుండి చేయించాను. ఒక గది నా చేతులతో నేనే చేశాను.

ముందు కింద ఏముందో చూడండి

ఇక్కడ 1920ల నుంచి 1950ల దాకా కట్టిన ఇళ్లలో కార్పెట్ కింద చాలాచోట్ల ఓక్ నేల ఉంటుంది. రెండుంపావు అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న సన్నని పలకలు. బట్టల అలమర లోపలి మూలలో కార్పెట్ అంచును పట్టకారుతో పట్టి లాగి చూస్తే తెలిసిపోతుంది. ఎవరూ నడవని చోటు కాబట్టి నేల అసలు రంగు కూడా అక్కడే కనిపిస్తుంది.

తరువాత మందం చూడాలి. నేలలో వేడిగాలి వచ్చే జాలీ ఉంటే దాన్ని పైకెత్తి, కోసిన అంచును టార్చి వెలుగులో చూడండి. రేడియేటర్ ఉన్న ఇల్లయితే గొట్టం నేలలోకి దిగే చోట చూడవచ్చు. అడుగు నుంచి పైదాకా ఒకే చెక్క ఉంటే అది గట్టి పలక. పొరలు పొరలుగా ఉండి పైన మాత్రమే పల్చని ఓక్ పొర ఉంటే అది ఇంజనీర్డ్ రకం. ఆ పై పొర రెండు మిల్లీమీటర్ల కన్నా తక్కువుంటే దాని మీదకు సాండింగ్ యంత్రాన్ని, అంటే గరుకు కాగితంతో నేలను అరగదీసే యంత్రాన్ని, రానివ్వకండి. గట్టి పలకలోనూ అరగదీయడానికి పనికొచ్చేది, పలకలు ఒకదానిలో ఒకటి దూరే గాడికి పైన ఉన్న పావు అంగుళం చెక్క మాత్రమే. ఒక్కో పూర్తి సాండింగుకు అందులో అంగుళంలో 32వ వంతు దాకా పోతుంది. పలకల అంచుల్లో మేకుల తలలు బయటపడుతుంటే ఆ నేల తన సాండింగులన్నీ చేయించేసుకుందని అర్థం.

ఇక్కడ మనవాళ్లకు ఒక అపోహ ఉంది. టేకును మించిన గట్టి చెక్క లేదనుకుంటారు. ఉక్కు గుండును చెక్కలోకి నొక్కి, ఎంత బలానికి దిగిందో చూసే జాంకా కొలతలో టేకు సుమారు 1070 పౌండ్లు. ఎర్ర ఓక్ 1290, తెల్ల ఓక్ 1360, హార్డ్ మేపుల్ 1450. టేకు గొప్పతనం దానిలోని సహజమైన నూనెలో, తేమకూ చెదలకూ తట్టుకునే గుణంలో ఉంది. సొట్ట పడకుండా నిలవడంలో ఓక్‌దే పైచేయి. ఒకటి గుర్తుంచుకోండి, సొట్ట పడేది చెక్కకు, గీత పడేది పూతకు. రుబ్బురోలు పొత్రం జారిపడితే ఏ పూతా ఆ సొట్టను ఆపలేదు.

అసలు సాండింగ్ అవసరమా?

చాలామంది అడగకుండానే దాటేసే ప్రశ్న ఇది. వంటగది గుమ్మం దగ్గర, ఎక్కువగా నడిచే చోట, నేల మీద నాలుగు నీటి చుక్కలు వేసి అయిదు నిమిషాలు ఆగండి. చుక్క తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడితే పూత ఇంకా బతికే ఉంది. మెల్లగా పరుచుకుని కింద చెక్క కొంచెం నల్లబడితే పూత చివరి దశలో ఉంది. వేసీ వేయగానే ఇంకిపోతే అక్కడ ఉన్నది వట్టి చెక్క.

మొదటి పరిస్థితిలో, పైపైన గీతలూ మసకదనమే ఉంటే పూర్తి సాండింగ్ వద్దు. గుండ్రంగా తిరిగే బఫర్ యంత్రానికి సన్నని జల్లెడ బిళ్ల తగిలించి పాత పూతను పైపైన గరుకు చేసి, దాని మీద కొత్తగా ఒక కోటు వేస్తారు. ఒక్క రోజు పని. దుమ్ము తక్కువ, ఖర్చు పూర్తి పనిలో చిన్న భాగం, చెక్క ఏమాత్రం తరగదు. చెక్క బయటపడేదాకా ఆగకుండా, మెరుపు మందగించగానే ఈ పని చేయిస్తూ పోతే ఆ నేలకు మళ్లీ పూర్తి సాండింగ్ అవసరం రావడానికి చాలా ఏళ్లు పడుతుంది.

అయితే ఇందులో ఒక చిక్కుంది. పాత యజమానులు నేల మీద మైనమో, మెరుపు తెప్పించే ద్రవాలో, నూనె సబ్బో వాడి ఉంటే కొత్త కోటు పట్టదు. చేప కళ్లలా చిన్న చిన్న గుంటలు పడుతుంది, లేదా కొన్నాళ్లకు పొరలుగా లేచిపోతుంది. అందుకే మొత్తం నేల మీద వేసే ముందు అలమర లోపల ఒక మూల వేసి, ఎండాక గోటితో గీకి చూడమని పట్టుబట్టండి.

ఇప్పుడు ఎక్కువగా వాడే పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ లాంటి పూత ఇంటింటికీ రాకముందు కట్టిన ఇళ్లలో నేల మీద లక్క పూత, దాని మీద మైనం ఉండేవి. కనపడని మూలలో ఒక చుక్క స్పిరిట్ (డీనేచర్డ్ ఆల్కహాల్) వేస్తే ఆ లక్క మెత్తబడి జిగురుగా తగులుతుంది. మా ఇంట్లో ఆ పరీక్ష చేసి వేలికి అంటిన జిగురును వాసన చూసినప్పుడు నాన్నగారి పాలిష్ సీసా కళ్లముందు మెదిలింది. ఆ రోజుల్లో అమెరికా వాడుకున్న లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచి ఓడల్లో వచ్చిందే. ఏటికొప్పాక బొమ్మలకు రంగుతో కలిపి పట్టించే లక్కా ఇదే కోవది. అంత ఆప్యాయత ఉన్నా చెప్పక తప్పదు: మైనం, లక్క ఉన్న నేలను పూర్తిగా అరగదీయకుండా దాని మీద ఇప్పటి పూతలు వేయించకండి.

మీరే చేస్తారా, మనిషిని పెడతారా?

బఫింగ్ పని ఓపిక ఉన్నవాళ్లు నేర్చుకుని చేసుకోవచ్చు. పూర్తి సాండింగ్ విషయంలో నా అభిప్రాయం వేరు. గరుకు కాగితం చుట్టిన డ్రమ్ము తిరుగుతూ నేలను అరగదీసే అద్దె యంత్రం బరువైనది, దాని స్వభావం మొండిది. నడుస్తూ ఉండగానే డ్రమ్మును నేలకు దించాలి, ఆగకముందే పైకెత్తాలి. ఒక్క క్షణం నిలబడి ఆలోచించారా, నేలలో గిన్నెలాంటి పల్లం పడుతుంది. నేను సొంతంగా చేసిన గదిలో కిటికీ పక్కన అలాంటిదొకటి ఉంది. పగలు కనిపించదు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడగానే తేలుతుంది. దాని మీద మంచం వేశాం.

గరుకు కాగితాల వరుసలో కూడా విద్య ఉంది. 36 లేదా 40 నంబరుతో మొదలుపెట్టి 60, 80, 100 దాకా వెళ్తారు. ఒక్కో కాగితం పని అంతకుముందు కాగితం పెట్టిన గీతలను చెరిపేయడమే. మధ్యలో మెట్లు దాటేస్తే పెద్ద గీతలు కిందే ఉండిపోతాయి, రంగు వేశాక బయటపడతాయి. మంచి పనివాడిని నేను ఒక్క విషయంతో గుర్తుపడతాను. పూత వేయబోయే ముందు గది చీకటి చేసి, టార్చిని నేల మీదే పడుకోబెట్టి, వెలుగు పలకల మీదుగా పాకేలా చేసి, మోకాళ్ల మీద వంగి చూస్తాడు. అంచుల యంత్రం మిగిల్చిన చిన్న చిన్న సున్నాలు ఆ వెలుగులో కనిపిస్తాయి. వాటిని చేత్తో రుద్ది పోగొట్టాకే డబ్బా మూత తీస్తాడు.

ప్రాణానికి సంబంధించిన సంగతులు మూడు. అమెరికాలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇంట్లో నేల పాత పూతను, రంగును పరీక్ష చేయించకుండా అరగదీస్తే సీసం ధూళి ఇల్లంతా చేరుతుంది. పాకే పిల్లలున్న ఇంట్లో ఈ పరీక్షకు మినహాయింపు లేదు. కార్పెట్ కింద తొమ్మిది అంగుళాల చదరపు టైల్స్, నల్లని జిగురు కనిపిస్తే అందులో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ పీచు ఉండే అవకాశముంది, పగలగొట్టకుండా, రుద్దకుండా ఆ నిపుణులను పిలవండి. మూడోది నిప్పు. పాత పూతతో కలిసిన రంపపు పొట్టు లాంటి సన్నని ధూళి సంచిలో ఉన్నచోటే వేడెక్కి దానంతట అదే అంటుకోగలదు. నూనె తుడిచిన గుడ్డలూ అంతే. ధూళి సంచిని సాయంత్రం ఇంట్లో వదిలి వెళ్లకుండా బయట ఇనుప డబ్బాలో ఖాళీ చేయాలి. గుడ్డలను నీళ్లలో తడిపి, మూత ఉన్న ఇనుప డబ్బాలో బయట పెట్టాలి.

మూడు పూతలు, మూడు స్వభావాలు

నూనె ఆధారిత పాలియురేథేన్ పాత కాపు. డబ్బా చవక, వేయడం తేలిక, ఓక్‌కు తేనె రంగు ఇస్తుంది. ఏళ్లు గడిచే కొద్దీ ఆ రంగు ఇంకా ముదురుతుంది. రెండు మూడు కోట్లు వేయాలి, కోటుకూ కోటుకూ మధ్య దాదాపు ఒక రోజు ఆగాలి. వాసన ఘాటు. పిల్లలూ గర్భిణులూ ఉన్నవాళ్లు ఆ రోజుల్లో వేరే చోట ఉండాలి. ఆవిరికి మంటలు అంటుకునే గుణం ఉంది కాబట్టి స్టవ్‌లో, హీటర్‌లో ఎప్పుడూ వెలుగుతుండే చిన్న గ్యాస్ పైలట్ మంటలు ఆర్పేయాలి, పూజ దగ్గర దీపం కూడా వెలిగించకూడదు.

దీనితో మాకు జరిగింది చెబుతాను. మా మొదటి ఇంట్లో ఈ పూత వేయించాం. చివరి కోటు ముట్టుకుంటే పొడిగా ఉంది, వాసన పోయింది. పన్నెండో రోజున సత్యనారాయణ వ్రతం. హాలంతా జంపఖానాలు పరిచాం, ముప్పై మంది మూడు గంటలు కూర్చున్నారు. సాయంత్రం జంపఖానా ఎత్తి చూస్తే దాని నేత మొత్తం, పోగు పోగుతో సహా, నేల మీద అచ్చుపడి ఉంది. ఆరడం వేరు, గట్టిపడడం వేరు అని మాకు ఎవరూ చెప్పలేదు. నూనె పాలియురేథేన్ పూర్తిగా గట్టిపడడానికి దాదాపు 30 రోజులు పడుతుంది. మేజోళ్లతో మర్నాడు నడవవచ్చు, నాలుగైదు రోజుల నుంచి వారం లోపు సామాన్లు ఎత్తి పెట్టుకోవచ్చు. తివాచీలు, జంపఖానాలు మాత్రం నెల దాటాకే.

నీటి ఆధారిత పాలియురేథేన్ రెండు మూడు గంటల్లో ఆరుతుంది, ఒకే రోజు రెండు కోట్లు వేయవచ్చు. వాసన చాలా తక్కువ. చెక్క రంగును దాదాపు ఉన్నదున్నట్టు ఉంచుతుంది, ఏళ్లు గడిచినా అంతగా పసుపు రంగుకు తిరగదు. ఒక్కరోజు ఆగి నడవవచ్చు, రెండు మూడు రోజులకు సామాన్లు, వారం నుంచి రెండు వారాల మధ్య తివాచీలు. ఇందులో ఒకే డబ్బాలో వచ్చేదొకటి, గట్టిపరిచే ద్రవాన్ని కలిపి వాడే రెండు భాగాల రకం ఒకటి. రెండో రకం బాగా మన్నుతుంది. స్వీడన్‌కు చెందిన బోనా సంస్థ ట్రాఫిక్ హెచ్‌డీ ఆ కోవలోనిది. కలిపిన తరువాత నాలుగు గంటల్లో వాడేయాలి. అందుకే చేయి తిరిగిన మనిషే వేయాలి. గాలన్ ధర నూనె రకానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. చూడడానికి ఎక్కువే. కానీ గాలన్ సుమారు 500 చదరపు అడుగులకు వస్తుంది. వెయ్యి చదరపు అడుగుల నేలకు మూడు కోట్లంటే ఆరు గాలన్లు. సాండింగ్ కూలీ ముందు ఆ తేడా చిన్నది. పొదుపు చేయాలనుకుంటే ఇంకెక్కడైనా చేయండి, డబ్బా దగ్గర చేయకండి.

దీని మీద ఒక ఫిర్యాదు వింటుంటాను, ఎర్ర ఓక్ పాలిపోయినట్టు, కొంచెం గులాబి రంగుగా కనిపిస్తుందని. నిజమే. అడుగున తేనె రంగు ఇచ్చే సీలర్ (చెక్క మీద మొదట వేసే అడుగు పూత) ఒక కోటు వేసి పైన నీటి పూత వేయిస్తే ఆ లోటు తీరుతుంది.

మూడోది హార్డ్‌వాక్స్ ఆయిల్. నూనె, మైనం కలిసిన పూత. బెల్జియం వారి రూబియో మోనోకోట్, జర్మనీ వారి ఆస్మో పేరున్నవి. మొదటి రెండూ చెక్క మీద గాజు పలకలా పొర కడితే ఇది చెక్కలోకి ఇంకుతుంది. చేత్తో తడిమితే చెక్కే తగులుతుంది. నాన్నగారి కొడుకుగా చెబుతున్నాను, అందంలో దీని సాటి వచ్చేది లేదు. గీత పడితే ఆ పలక వరకే కాస్త రుద్ది, కాస్త నూనె పట్టిస్తే అతుకు తెలియకుండా కలిసిపోతుంది. పాలియురేథేన్‌లో ఆ సౌకర్యం లేదు. మధ్యలో ఒకచోట పూత వేస్తే మచ్చలా కనిపిస్తుంది, గది మొత్తం వేయాల్సిందే.

దానికి ప్రతిఫలంగా ఈ పూత మీ శ్రద్ధ అడుగుతుంది. దానికని తయారైన సబ్బుతోనే తుడవాలి, ఎక్కువ నడిచే చోట ఏడాదికో రెండేళ్లకో నూనె పట్టించాలి, నీళ్లు ఒలికితే వెంటనే తుడవాలి. నూనె పూత నుంచి పాలియురేథేన్‌కు మారాలన్నా, అటు నుంచి ఇటు రావాలన్నా మళ్లీ పూర్తి సాండింగే.

ఆమ్లంతో గట్టిపడే స్వీడిష్ పూత కూడా ఒకటుంది. మన్నిక గొప్పదే కానీ ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. కాపురం ఉండే ఇంటికి నేను చెప్పను.

మన ఇంటి అలవాట్ల ముందు

ఇక్కడి సలహాల్లో ఎక్కడా కనిపించని భాగం ఇదే. మన ఇంట్లో చెప్పులు గుమ్మం బయటే ఆగుతాయి, అది నేలకు పెద్ద వరం. పూతను అరగదీసేది చెప్పులకు అంటుకొచ్చే ఇసుకే. మరోవైపు మనకు నేలను నీళ్లతో కడిగితే తప్ప శుభ్రమైనట్టు ఉండదు. ఏ పూత వేసినా బకెట్టు నీళ్లు, ఆవిరి తుడుపు యంత్రం రెండూ పలకల సందుల్లోంచి చెక్కను ఉబ్బిస్తాయి. అమ్మ వచ్చినప్పుడు ఇది నచ్చజెప్పడానికి నాకు వారం పట్టింది. గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డ చాలు.

పసుపు పాలియురేథేన్ మీద పడితే వెంటనే తుడిస్తే పోతుంది. ఆలస్యమై లేత మరక మిగిలినా, పసుపు రంగు ఎండకు వెలిసిపోయే గుణం కలది కాబట్టి కిటికీ వెలుగుకు చాలావరకు పోతుంది. హార్డ్‌వాక్స్ నూనె పూత మీద లోపలికి దిగుతుంది. దీపం నూనె కూడా అక్కడ ముదురు మచ్చ చేస్తుంది. పూజ చేసే చోట ఏ పూతయినా సరే, కింద రాయి పలకో ఇత్తడి పళ్లెమో ఉండాలి. హోమం మాత్రం పెరట్లోనో గరాజ్‌లోనో పెట్టుకోండి. ఇటుకలు పేర్చినా గంటసేపు మండే కుండం వేడి కిందికి దిగుతుంది.

మెరుపు విషయంలో ఒక్కమాట. అద్దంలా మెరిసే రకం ప్రతి గీతనూ చూపిస్తుంది. మెరుపు తక్కువుండే శాటిన్ గానీ, మెరుపు దాదాపు లేని మ్యాట్ గానీ తీసుకోండి. మన్నికలో పెద్ద తేడా ఉండదు.

నన్నడిగితే

ముహూర్తం రెండు మూడు వారాల్లో ఉండి, పిల్లలు, పెద్దలు, వంట జోరుగా సాగే ఇల్లయితే రెండు భాగాల నీటి పూత, శాటిన్, మూడు కోట్లు. ఇంకో ఆలోచన వద్దు. ముహూర్తం పది రోజుల్లోనే ఉండి నీటి చుక్క నిలబడితే బఫింగు చేసి అదే నీటి పూత ఒక్క కోటు వేయించండి. చుక్క ఇంకిపోతే ఆ రోజుకు పాలు పొంగించి, పూజ వంటగదిలో టైల్స్ మీద ముగించుకుని, సామాన్లు దించకముందే నేల పని పెట్టుకోండి. తొందరపడి మా జంపఖానా అచ్చు మీరూ వేయించుకోవద్దు.

అద్దెకిచ్చే ఇల్లయి, రెండు నెలలు ఖాళీగా ఉంచగలిగితే నూనె పాలియురేథేన్ లెక్కకు సరిపోతుంది. ఇద్దరే ఉండే ఇల్లు, తెల్ల ఓక్ నేల, చెక్క అంటే ప్రాణం, ఆదివారం పూట గుడ్డ పట్టుకుని కూర్చోవడం కష్టమనిపించదు అంటే హార్డ్‌వాక్స్ ఆయిల్. అలాంటి ఇల్లు మా బంధువుల్లో ఒకటే ఉంది. నలుగురు మనవలు వచ్చి వెళ్లే ఇంటికి నేనది చెప్పను.

పని చలికాలంలో పడితే ఇంట్లో తేమ 35 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. హీటరు వేడికి పలకలు ముడుచుకుని సందులు కనిపిస్తాయి. వాటిని పుట్టీతో నింపమని అడగకండి. వేసవిలో చెక్క ఉబ్బినప్పుడు ఆ పుట్టీని పైకి నెట్టేస్తుంది.

కాంట్రాక్టర్ ఇచ్చే కాగితంలో "మూడు కోట్లు పాలియురేథేన్" అని మాత్రమే ఉంటే సంతకం పెట్టకండి. ఏ సంస్థది, ఏ పేరు, ఒక భాగమా రెండు భాగాలా, ఏ మెరుపు, ఏ నంబరు గరుకు కాగితం దాకా వెళ్తారు, అడుగున ఏ సీలర్ అన్నవన్నీ రాయించుకోండి. పని అయ్యాక ఆ వివరాలనే తేదీతో సహా ఒక చీటీ మీద రాసి హాలు అలమర తలుపు లోపలివైపు అంటించండి. మళ్లీ కోటు వేయాల్సి వచ్చినప్పుడు, వచ్చిన మనిషి మొదట అడిగేది పాత పూత ఏమిటనే. మా ఇంట్లో ఆ తలుపు మీద ఇప్పటికి రెండు చీటీలున్నాయి. మూడోదానికి కింద చోటు వదిలాను.